చోటు తెలియుట, మనిషిని ఎరుగుట



ఇంటిలో గోడప్రక్కను బల్లమీద టెలిఫోను ఉండిన దినములలో, దానిలో మాటలాడువారు ఒకరినొకరు అడుగని ప్రశ్న ఒకటి కలదు. “ఎక్కడున్నావు?” అని ఎవరును అడిగెడివారు కారు. ఆ ఫోను సంఖ్య ఒక ఇంటికి చెందినది. ఇల్లు కదలదు గనుక చోటు ముందే తెలిసియుండెను. తెలియనిదల్లా ఎవరు మాటలాడుచున్నారన్నదే. నేడు సెల్‌ఫోను సంఖ్య ఇంటికి గాక మనిషికి చెందినది. కాబట్టి ఎవరని అడుగ నక్కరలేదు. ఎక్కడున్నావని అడుగుటయే మొదటి మాటయైనది. ఇప్పుడు ఆ మాటకైనను అవసరము తగ్గిపోవుచున్నది. ఫోనులోని పటముమీద నీలి చుక్క ఒకటి కనబడును. “మా వాడు ఇక్కడ ఉన్నాడు” అని మనము అడుగకయే తెలిసికొనుచున్నాము.

ఇందు ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఒకరున్న చోటు తెలిసికొనుట వారిని ఎరుగుటతో సమానమగునా? ప్రేమించువారు తాము ప్రేమించువారి చోటును ఎంతవరకు తెలిసికొనవచ్చును? ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి రాలేదు. నా ఇంటిలో నేను చేసిన ఒక తప్పిదమునుండి వచ్చినది. దానిని చెప్పుటకు ముందు ఆ చుక్క ఎట్లు పుట్టునో కొంచెము తెలిసికొందము.

ఫోనున్న చోటును కనుగొనుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది నేలమీద నిలిచియున్న టవర్లు. మనకు ఎవరైన ఫోను చేసినప్పుడు ఆ పిలుపు మనయొద్దకు చేరవలెనన్న, మన ఫోను ఏ ప్రాంతపు టవర్ల క్రింద ఉన్నదో ఫోను సంస్థకు తెలిసియుండవలెను. ఇది వారు కుతూహలముకొద్ది తెలిసికొనునది కాదు. అది లేనిచో సెల్‌ఫోను పని చేయనే చేయదు. ఫోనుకును టవరుకును మధ్య సంకేతము పోయి వచ్చుటకు పట్టు కాలమునుబట్టి దూరమును కూడ లెక్కింతురు. పాతదైన జి.ఎస్.ఎం. పద్ధతిలో ఈ దూరము ఒక్కొక్క మెట్టు సుమారు 550 మీటర్ల చొప్పున తెలియును. తరువాత వచ్చిన నాలుగవ తరము పద్ధతిలో మెట్టు సుమారు 78 మీటర్లు. పట్టణములలో టవర్లు దగ్గర దగ్గరగా ఉండును గనుక చోటు కొంత ఇరుకుగా తెలియును. పల్లెలలో టవర్లు మైళ్లకొలది దూరమున ఉండుటచేత, ఒక ఊరంతయు ఒక్క చుక్కయగుటయు కలదు.

రెండవది ఆకాశ మార్గము. జి.పి.ఎస్. అను పద్ధతికి అమెరికావారు మొదటి ఉపగ్రహమును 1978లో పంపిరి. 1995 నాటికి అది సంపూర్ణమాయెను. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఈ ఉపగ్రహములు దినమునకు రెండు మారులు భూమిని చుట్టుచుండును. ప్రతిదానిలోను అణు గడియారములు కలవు. “నేను ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు కాలము ఇంత” అని అవి ఎడతెగక ప్రకటించుచుండును. నాలుగు ఉపగ్రహముల ప్రకటన విన్న ఫోను, ఒక్కొక్కటి ఎంత ఆలస్యముగా తన్ను చేరెనో చూచుకొని తన చోటును లెక్క కట్టుకొనును. ఈ సంకేతము వెలుగంత వేగముగా ప్రయాణము చేయును. సెకనులో పది లక్షలవ వంతు పొరపడినచో 300 మీటర్ల తప్పు వచ్చును. మన దేశమును ఇట్టి ఏర్పాటు చేసికొనెను. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1వ తేదీన మన శ్రీహరికోటనుండియే లేచిపోయెను.

ఇచ్చట ఒక అపోహను తీర్చుకొనవలెను. “పైనున్న ఉపగ్రహము నిన్ను చూచుచున్నట్లే దేవుడు నిన్ను చూచుచున్నాడు” అని కొందరు ప్రసంగికులు ఉపమానము చెప్పగా నేను వింటిని. నేనును ఒకమారు అట్లే చెప్పితిని. అది సరికాదు. ఈ ఉపగ్రహము మనలను చూడదు. మన ఫోను దానితో ఏమియు చెప్పదు, వినును, అంతే. అది తీరమునందలి దీపస్తంభము వంటిది. దాని వెలుగునుబట్టి నావికుడు తన దారి తెలిసికొనునే గాని, ఆ నావికుడు ఎవరో, ఏ దుఃఖముతో పోవుచున్నాడో దీపమునకు తెలియదు. మన చోటు ఇతరులకు తెలియుట ఫోను దానిని పంపుటవలన, లేక టవరు దానిని వ్రాసికొనుటవలన కలుగును. చూచువారు మనుష్యులే. కాబట్టి చూచుటలోని మంచి చెడ్డల బాధ్యతయు మనుష్యులదే.

ఇక నా తప్పిదమును చెప్పెదను.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో వసతి గృహమునందు ఉండి చదువుకొనుచున్నది. మేము కోస్తాలో ఒక చిన్న ఊరిలో ఉన్నాము. రాత్రివేళ ప్రయాణములలో మా భయము తీరునట్లు, తన చోటు మాకు కనబడునట్లుగా ఫోనులో అమ్మాయియే ఏర్పాటు చేసెను. మొదట నేను రాత్రులందు మాత్రమే చూచెడివాడను. తరువాత పగలును చూచుట మొదలుపెట్టితిని. కొన్నాళ్లకు, చూడనిదే నాకు తోచకపోయెను.

ఒక ఆదివారము సాయంకాలము నేను ఫోను చేయగా, స్నేహితురాలికి ప్రమాదము జరిగినదనియు, తాను ఆస్పత్రిలో ఆమెయొద్ద ఉన్నాననియు అమ్మాయి చెప్పెను. మాటలాడుచునే నేను పటమును తెరచితిని. చుక్క ఆస్పత్రిలో లేదు. వీధికి ఆవలి ప్రక్కను, విందులును మత్తు పానీయములును అమ్మబడు ఒక పెద్ద భవనములో ఉన్నది. నా రక్తము ఉడికిపోయెను. “నాతో అబద్ధాలెందుకమ్మా? నువ్వెక్కడున్నావో నాకు కనబడుతూనే ఉంది” అంటిని.

ఆవలినుండి మాట లేదు. కొంతసేపటికి వేరొక స్త్రీ స్వరము వినబడెను. “అన్నయ్యగారూ, మీ అమ్మాయి మధ్యాహ్నం నుంచి మా పిల్ల మంచం పక్కనే కూర్చునుంది. అన్నం కూడా తినలేదు” అని ఆ తల్లి చెప్పెను. నా నోట మాట రాలేదు. ప్రక్కనున్న నా భార్య సంగతి అంతయు విని, “మీరు ఆ చుక్కని నమ్మారు గాని కన్నపిల్లని నమ్మలేదండీ” అనెను.

చుక్క ఏల తప్పెను? ఇంజనీరైన మా సంఘస్థుడొకరు తరువాత నాకు వివరించిరి. ఎత్తైన మేడలు ఇరుప్రక్కల నిలిచిన వీధిలో ఆకాశము సన్నని పట్టీవలె కనబడును. ఉపగ్రహముల సంకేతము మనయొద్దకు చేరునప్పటికి మిక్కిలి బలహీనమైయుండును. కాంక్రీటు గోడలు దానిని ఆపివేయును. సూటిగా రావలసినది రాక, ఎదుటి మేడ అద్దములమీద తగిలి చుట్టు తిరిగి వచ్చినది ఫోనుకు వినబడును. ఫోనుకు ఆ తేడా తెలియక, అది సూటిగా వచ్చినదే అనుకొని లెక్క కట్టును. 60 మీటర్లు చుట్టు తిరిగి వచ్చిన సంకేతము సెకనులో కోటివంతులు రెండు మాత్రమే ఆలస్యమగును. ఆ రెండు వంతులే మనిషిని వీధికి ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు మార్చగలవు. అందుకే బయలు పొలములో సరిగా చూపు యంత్రము, జనము క్రిక్కిరిసిన పట్టణములో తడబడుచుండును.

ఆయన మరియొక మాట చెప్పిరి. “చుక్క చుట్టూ లేత నీలిరంగు వలయం ఉంటుంది, చూశారా? నేను ఇక్కడే ఉన్నానని కాదు, ఈ వలయంలో ఎక్కడో ఉండవచ్చునని దాని అర్థం” అనిరి. ఆ సాయంకాలము వలయము పెద్దదిగానే ఉండెను. ఆస్పత్రియు అందులోనే ఉండెను. నేను వలయమును చూడలేదు, చుక్కనే చూచితిని. యంత్రము తనకు తెలియని దానిని వినయముగా ఒప్పుకొనెను. తండ్రినైన నేను ఒప్పుకొనలేదు.

ఇందువలన ఇట్టి సాధనమును పారవేయవలెనని చెప్పుదునా? చెప్పను. ఆదికాండము 4వ అధ్యాయములో కయీనును జ్ఞాపకము చేసికొందము. తమ్ముడున్న చోటును గూర్చి దేవుడు అడుగగా, అది తనకు తెలియదనియు, తమ్మునికి తాను కావలివాడను కాననియు అతడు బదులు చెప్పెను. తోటివాడు ఎక్కడ ఉన్నాడో తెలిసికొన నక్కరలేదనుటయు పాపమే. అడవిలో దారి తప్పినవాడు, రోడ్డుమీద పడియున్నవాడు, భయముతో పరుగెత్తుచున్న ఆడుబిడ్డ, వీరి చోటు ఎవరికైనను త్వరగా తెలియవలెను. సెల్‌ఫోనులు వచ్చిన క్రొత్తలో అమెరికాలో అత్యవసర సంఖ్యకు ఫోను చేసినవారు ఎక్కడనుండి పిలుచుచున్నారో సహాయకులకు తెలియకపోయెడిది. కాబట్టి అక్కడి ప్రభుత్వ సంఘము 1996లో ఫోను సంస్థలకు ఒక విధిని నియమించెను. 1999లో దానిని సవరించి, ఫోనే తన చోటు కనుగొను పద్ధతిలో నూటికి 67 పిలుపులలో 50 మీటర్లలోపల, నూటికి 95 పిలుపులలో 150 మీటర్లలోపల చోటు తెలియవలెనని కొలత పెట్టెను. మన దేశములోను అత్యవసరమునకు 112 అను సంఖ్య కలదు. పిలిచినవారిని వెదకి పోవుటకు చోటు తెలియుట ప్రాణాధారము. ఇందునుగూర్చి దేవునికి స్తోత్రము చెల్లింపవలసినదే.

కాని పిలిచినవానిని కనుగొనుట వేరు. పిలువనివానిని ఎల్లప్పుడు కనిపెట్టియుండుట వేరు. ఈ భేదమును లోకమునందలి న్యాయస్థానములు సహితము గుర్తించినవి. అమెరికాలో కార్పెంటరు అనువాని దొంగతనముల వ్యాజ్యములో, పోలీసులు 127 దినములకు సంబంధించిన టవరు లెక్కలను తెప్పించిరి. అందులో ఆ ఒక్కని చోట్లు 12,898 వ్రాయబడియుండెను. దినమునకు నూటికి పైగా అన్నమాట. న్యాయాధిపతి అనుమతి పత్రము లేక ఇట్లు తెప్పించుకొనుట తగదని 2018 జూన్ 22న అక్కడి సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మన సుప్రీముకోర్టు 2017 ఆగస్టు 24న, వ్యక్తి గోప్యత మన రాజ్యాంగము ఇచ్చిన మూల హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠమునుండి చెప్పెను. బెయిలుమీద విడువబడినవాని కదలికలను పోలీసులు ఎడతెగక చూచుచుండునట్లు షరతు పెట్టరాదని 2024 జూలై 8న మరల చెప్పెను. నేరము మోపబడినవానికి న్యాయస్థానము చూపిన ఆ పాటి గౌరవము, ఏ నేరమును లేని నా బిడ్డకు నేను చూపలేదు గదా అని నాకు సిగ్గు కలిగెను.

“దేవుడు మన లేచుటయు కూర్చుండుటయు ఎరుగునని 139వ కీర్తనలో ఉన్నది గదా. దేవుడు చూచినప్పుడు తండ్రి చూచుట తప్పెట్లగును?” అని ఎవరైన అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. ఆ కీర్తనను మొదటినుండి కడవరకు చదివి చూడుడి. దేవుడు తన్ను ఎరిగియుండుట మొదట కీర్తనకారునికి తప్పించుకొనరాని భారముగా తోచినట్లుండును. ఆకాశమునకెక్కినను, సముద్రపు అంచులకు పోయినను అక్కడను ఆయన యుండునని అతడు తలపోయును. అయితే అక్కడ అతనికి ఎదురగునది పట్టుకొను భటుని చెయ్యి కాదు, నడిపించు చెయ్యి. కడపట అతడే తన హృదయమును పరిశోధింపుమని దేవుని వేడుకొనును. మొదట తాను ఎరుగబడుటకు జంకినవాడు, ఇప్పుడు ఎరుగబడవలెనని కోరుచున్నాడు. ప్రేమించువాని చూపునకును అనుమానించువాని చూపునకును గల భేదము ఇదియే. ప్రేమ చూపు ఎదుట మనము మరికొంత తెరచుకొందుము. అనుమానపు చూపు ఎదుట మూసికొందుము.

ఏదెను తోటలో సంగతి చూడుడి. చెట్ల చాటున దాగిన ఆదాము ఉన్న చోటు దేవునికి తెలియదా? తెలిసియే అడిగెను. చోటు తెలిసినవాడు అడుగ నక్కరలేదు. మనిషి తిరిగి రావలెనని కోరువాడే అడుగును. ఆ ప్రశ్నలో ఆదామునకు నోరు విప్పుటకు తావు దొరకెను. అరణ్యములోని నీటి ఊటయొద్ద హాగరును దేవుని దూత అట్లే అడిగెను. ఎక్కడనుండి వచ్చుచున్నదో, ఎక్కడికి పోవుచున్నదో ఆమె నోటనే చెప్పనిచ్చెను. ఆ దాసి దేవునికి తన్ను చూచువాడని పేరు పెట్టెను. అంతకు ముందు అందరును ఆమెను పనికొరకు చూచిరి, ఎవరును ఆమెను చూచి అడుగలేదు. సర్వము తెలిసిన దేవుడే అడుగగా, సగము తెలిసిన నేను అడుగకయే తీర్పు తీర్చితిని.

ఇక లూకా సువార్త 15వ అధ్యాయములోని తండ్రిని చూతము. చిన్న కుమారుడు దూరదేశమునకు పోయినప్పుడు అతడు ఎక్కడ ఉన్నాడో ఆ తండ్రికి తెలియదు. ఏ చుక్కయు లేదు. తెలిసినది ఒక్క దారి మాత్రమే, కుమారుడు రాదగిన దారి. అతడు ఇంకను దూరముగా ఉండగానే తండ్రి చూచి పరుగెత్తెను. పెద్ద కుమారుడు ఎక్కడ ఉండెను? ప్రతి దినమును పొలములోనే. అతని చోటు తండ్రికి తెలియని గడియ లేదు. అయినను వాని హృదయము ఇంటినుండి ఎంత దూరముగా ఉండెనో ఆ విందు రాత్రి బయటపడెను. చోటు తెలియని కుమారుడు తండ్రి కౌగిలిలో ఉన్నాడు. చోటు తెలిసిన కుమారుడు గుమ్మము బయట ఉన్నాడు. ఆ తండ్రి ఇద్దరియొద్దకును తానే బయలుదేరి పోయెను. ప్రియ చదువరీ, నీ బిడ్డ ఏ వీధిలో ఉన్నదో నీకు తెలియవచ్చును. ఆమె దేనికి ఏడ్చుచున్నదో నీకు తెలియునా?

ఈ సంగతిలో నాకు నేను పెట్టుకొనిన నియమములు మూడు కలవు. మీకును ఉపయోగపడవచ్చునని వ్రాయుచున్నాను.

మొదటిది, ఎదుటివారికి తెలియకుండ వారి చోటు చూడకూడదు. భర్త భార్యకు, తండ్రి బిడ్డకు, యజమానుడు పనివానికి చాటుగా కన్ను వేయుట కాపరితనము కాదు, దొంగతనమే. రెండవది, వెదకి పోవుటకు సిద్ధముగా లేనప్పుడు చూడకూడదు. కాపరి తప్పిపోయిన గొఱ్ఱె ఉన్న చోటు తెలిసికొని కూర్చుండలేదు, భుజములమీద మోసికొని వచ్చెను. భయము కలిగినప్పుడు లేచిపోవుటకు చూచు చూపు ఒకటి, తోచక చూచు చూపు మరియొకటి. మూడవది, చూచినను మొదట అడుగవలెను, చెప్పిన మాటను నమ్మవలెను. చుక్క చెప్పినది మాటకు విరుద్ధమైనప్పుడు వలయమును జ్ఞాపకము చేసికొనవలెను. తోటివారిని గూర్చి మనకు తెలిసిన ప్రతిదాని చుట్టును అట్టి వలయము ఒకటి కలదు. మనమే దానిని చూడము.

“బిడ్డ నిజముగానే చెడ్డ చోటికి పోయిన యెడల?” అని తలిదండ్రులు అడుగుదురు. ఆ భయము నాకును తెలియును. అయినను ఒక మాట. చూడబడుచున్నామని మాత్రమే మంచిగా నడచువారు, ఫోనును వసతి గృహములో విడిచి ఎక్కడికైనను పోగలరు. యంత్రము ఫోనున్న చోటును చెప్పును గాని మనస్సాక్షి ఉన్న చోటును చెప్పదు. ప్రార్థనతోను మాటతోను మన మాదిరితోను చిన్ననాటనే నాటవలసిన దానిని, పెద్దయిన తరువాత టవర్లు నాటి ఇయ్యలేవు.

మరుసటి వారము నేను హైదరాబాదునకు పోయితిని. ఆ ఆస్పత్రికే పోయి, ఆ మంచము ప్రక్కను కూర్చున్న అమ్మాయిని క్షమాపణ అడిగితిని. నా చోటు తనకు కనబడునట్లు నా ఫోనులోను ఏర్పాటు చేయుమంటిని. అమ్మాయి నవ్వి, “నాన్నా, మీరెక్కడుంటారో నాకు తెలుసు. అమ్మ పక్కన, వరండాలో. కాని ఎక్కడున్నావని మీరు అడిగితే నాకు బాగుంటుంది. చెప్పడానికి ఒకళ్లున్నారనిపిస్తుంది” అనెను.

ఆ దినమునుండి నేను పటమును అరుదుగా తెరచుచున్నాను. రాత్రి భోజనమైన తరువాత ఫోను చేసి అడుగుచున్నాను. కొన్నిసార్లు అమ్మాయి చోటు చెప్పును, కొన్నిసార్లు చోటు మరచి గంటసేపు తన మనస్సు చెప్పును.

మనలను ఎరిగియు మనలను అడుగు తండ్రీ, మేము దాగిన చోట్లనుండి నీ ప్రశ్నకు బదులు చెప్పు ధైర్యమును మాకు దయచేయుము. మా బిడ్డలను చూచునప్పుడు నీ చూపునే మాకు నేర్పుము. వారి అడుగులను లెక్కించుటకంటె వారు తిరిగి వచ్చు దారిని కనిపెట్టియుండు హృదయమును మాకిమ్ము. ఆమేన్.